రక్తం రాలేదు కదా!

పోయిన ఆదివారం మా అపార్టుమెంటు కింద పిల్లలు క్రికెట్ ఆడుతుంటే ఒకబ్బాయికి కార్కు బంతి వచ్చి కణత మీద తగిలింది. రెండు నిమిషాలు తల పట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ మూగిన పెద్దవాళ్ళలో ఒకాయన వాడి చెయ్యి తీసి చూసి, "రక్తం రాలేదు కదా, ఏం కాదులే, వెళ్ళి ఆడుకో" అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను మాత్రం వాళ్ళమ్మని పిలిపించి, రేపటిదాకా పిల్లాణ్ణి కనిపెట్టుకుని ఉండమనీ, వాంతులైనా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమనీ చెప్పాను. ఆవిడ చూపులో కాస్త విసుగు కనబడింది. రాత్రి మెట్ల మీద ఎదురైతే "నేను బాగానే ఉన్నా ఆంటీ" అని పిల్లాడే చెప్పాడు.

వాడు బాగున్నాడు కాబట్టి ఆ పెద్దాయన మాటే నిజమైందని అనుకోవచ్చు. నా పోట్లాట ఆ మాటతోనే. తలకి దెబ్బ తగిలిందనగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "రక్తం వచ్చిందా?" అని. వస్తే ఇల్లంతా గగ్గోలు. రాకపోతే అందరికీ ధీమా. ఈ గగ్గోలూ ఈ ధీమా రెండూ ఉండకూడని చోట ఉన్నాయంటాను నేను. నెత్తి మీది చర్మం తన సంగతి తాను చెప్తుంది గానీ, ఎముక కింద ఏం జరుగుతోందో దానికి తెలియదు. ఏమీ తెలియని సాక్షిని నిలబెట్టి తీర్పు చెప్పేస్తున్నాం.

నేను నర్సింగ్ చదివే పిల్లలకి పదహారేళ్ళుగా అనాటమీ చెప్తున్నాను. ఈ విషయాలన్నీ నాకు నోటికి వచ్చు. అయినా మా నాన్న పడ్డ రోజున నా నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న కూడా అదే.

ఒకే పండక్కి రెండు దెబ్బలు

మూడేళ్ళ కిందట సంక్రాంతికి అందరం మా ఊళ్ళో ఉన్నాం. భోగి రోజు పొద్దున అన్నయ్య కొడుకు గాలిపటం వెనక పరిగెడుతూ ఇనప గేటు గడియకి నెత్తి కొట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళవాడు. చూస్తుండగానే నుదుటి మీంచి, కళ్ళ మీంచి రక్తం ధారలు కట్టింది. కొత్త చొక్కా తడిసి ముద్దయింది. వదిన బావురుమంది. పెద్దమ్మ వంటింట్లోంచి కాఫీ పొడి డబ్బా పట్టుకొచ్చి, వద్దంటున్నా వినకుండా గుప్పెడు తీసి గాయంలో అద్దింది. ఆటోలో నేను తువ్వాలు మడతపెట్టి అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకున్నాను. టౌనుకి చేరేసరికి రక్తం దాదాపు ఆగిపోయింది. డాక్టరుకి కుట్లు వెయ్యడానికి పట్టిన టైము కంటే ఆ కాఫీ పొడిని సెలైన్‌తో కడగడానికి పట్టిన టైమే ఎక్కువ. తీరా కడిగి చూస్తే బొటనవేలి కణుపంత గాయం. నాలుగు కుట్లు పడ్డాయి. మధ్యాహ్నానికి వాడు తలకి కట్టుతో డాబా మీద అరిసెలు తింటున్నాడు.

ముక్కనుమ నాడు నాన్న గుమ్మానికి కట్టిన మామిడి తోరణం విప్పడానికి స్టూలెక్కారు. స్టూలు ఒరిగింది. పడుతూ పడుతూ తల కుడివైపు ద్వారబంధానికి తగిలింది. మేం పరిగెత్తుకొచ్చేసరికే ఆయన లేచి కూర్చుని పంచె దులుపుకుంటున్నారు. "ఏం కాలేదమ్మా, పట్టు తప్పిందంతే" అన్నారు. "రక్తం ఏమైనా వచ్చిందా నాన్నా?" అంటూ నేను జుట్టు పాయలు తీసి చూశాను. రాలేదు. చెవి పైన చిన్న బొప్పి, అంతే. అమ్మ దాన్ని తడిమి చూసి, "బొప్పి కట్టిందిగా, మంచిదే. బయటికి వాచిందంటే లోపలికి పోలేదన్నమాట" అంది. ఆ మాట తప్పని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను, ఎందుకంటే ఆ క్షణాన అది వినడానికి హాయిగా ఉంది. నాన్నకి అప్పటికి 74 ఏళ్ళు. గుండెకి స్టెంటు వేశాక రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. మందుల షాపు నుంచి ఆ మాత్రలు తెచ్చి ఇచ్చింది నేనే.

శివరాత్రికి ముందు అమ్మ ఫోన్లో చెప్పింది, "మీ నాన్న గుడికెళ్ళి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చారే" అని. మరుపనుకున్నాం. తర్వాతి వారం ఆయన పేపరు చదవడం మానేశారు. మధ్యాహ్నం పడుకుంటే దీపాలు పెట్టే వేళ దాకా లేవడం లేదు. వచ్చిన చుట్టాలు "వయసు మీద పడుతోంది" అన్నారు. శనివారం నేను వెళ్ళాను. సాయంత్రం ఆయన నా ముందు నడుస్తున్నారు. ఎడమ కాలి చెప్పు జారి వెనక పడిపోయింది. ఆయన ఆగలేదు. ఎడమ పాదాన్ని నేలకి రాస్తూ, ఉత్తి కాలితో నడుచుకుంటూ పోయారు. ఆ చెప్పు చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ద్వారబంధం గుర్తొచ్చింది.

ఆ రాత్రే సీటీ స్కాన్ తీయించాం. కుడివైపు పుర్రెకీ మెదడుకీ నడుమ నెలవంకలా ముదురు నీడ ఉంది. "ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా?" అని డాక్టరు గారు అడిగితే అమ్మా, అన్నయ్యా ఒకేసారి "లేదండీ" అన్నారు. అబద్ధం చెప్పలేదు. వాళ్ళకి నిజంగానే గుర్తులేదు. పిల్లాడి నాలుగు కుట్ల సంగతి వీధి వీధంతా గుర్తు పెట్టుకుంది. నాన్న పడ్డ సంగతి నెల తిరిగేసరికి ఇంట్లోవాళ్ళే మర్చిపోయారు, రక్తం రాలేదు కాబట్టి.

నెత్తి ఎందుకంత రక్తం కారుస్తుంది

మీ అరచెయ్యి నెత్తి మీద గట్టిగా ఆనించి ముందుకీ వెనక్కీ కదిపి చూడండి. చర్మం జారుతుంది. నెత్తికి అయిదు పొరలున్నాయి. పై మూడూ కలిసికట్టుగా నాలుగోదాని మీద జారుతున్నాయి, అయిదోది ఎముకని అంటిపెట్టుకుని కదలకుండా ఉంది. మా పిల్లలు ఈ అయిదింటినీ ఇంగ్లీషు అక్షరాలతో బట్టీ పడతారు, నెత్తి చర్మానికి ఇంగ్లీషు పేరు స్కాల్ప్ (SCALP), ఆ మాటలో అయిదక్షరాలు అయిదు పొరలు. బట్టీ బాగానే పడతారు గానీ, రెండో పొర దగ్గర ఆగి ఆలోచించేవాళ్ళు తక్కువ.

ఆ రెండో పొర గట్టి పీచులా ఉంటుంది. నెత్తికి వచ్చే రక్తనాళాలన్నీ దాన్లోనే పరుగెడతాయి. చేతి మీద కత్తి గీసుకుంటే తెగిన నాళం కొస ముడుచుకుని లోపలికి లాక్కుంటుంది, రక్తం దానంతటదే తగ్గుతుంది. నెత్తిలో ఆ వీల్లేదు. పీచు నాళం గోడల్ని నాలుగువైపులా పట్టుకుని నోరు తెరిచే ఉంచుతుంది. దానికి తోడు, ఒక్కో వైపు అయిదు ధమనులు, చెవికి ముందు మూడు, వెనక రెండు, నెత్తి అంతా ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి. వాటిలో ఒకటి చెవి ముందు వేలు పెడితే తగుల్తుంది, టక్ టక్ మని కొట్టుకుంటూ. ఒక దారి మూసినా ఇంకో దారిన రక్తం వస్తూనే ఉంటుంది. అందుకే చిన్న గాయానికి కూడా అంత బీభత్సం. అందుకే ఆ గాయాలు త్వరగా మానతాయి కూడా. కింద గట్టి ఎముక ఉంది కాబట్టి శుభ్రమైన బట్టతో గాయం మీదే నొక్కిపెడితే చాలావరకు ఆగుతుంది. ఎముక లోపలికి నొక్కుకుపోయినట్టు, చేతికి మెత్తగా దిగుతున్నట్టు అనిపిస్తే మాత్రం అక్కడ నొక్కకూడదు.

కనుమ నాడు మా పిల్లాడి కనురెప్ప నల్లగా వాచింది. దెబ్బ నెత్తి మీద, నలుపు కంటి మీద. వదిన మళ్ళీ ఏడుపు. ఇది ఆ నాలుగో పొర పని. సాలెగూడులా వదులుగా ఉండే ఆ పొరలో చేరిన రక్తం నెమ్మదిగా కిందికి దిగుతుంది. నుదుటి కండరానికి ముందువైపు ఎముకతో అతుకు లేదు, చర్మంలోనే కలిసిపోతుంది. అడ్డేమీ లేక రక్తం కనురెప్పలోకి జారుతుంది. చూడటానికి భయంగా ఉంటుంది గానీ అది కంటి దెబ్బ కాదు. ఆ పొరతో అసలు భయం వేరే ఉంది. ఎముకలోని సన్నటి రంధ్రాల గుండా పుర్రె లోపలికి వెళ్ళే చిన్న సిరలు అక్కడున్నాయి. గాయం చీము పడితే ఆ దారిన లోపలికి పాకగలదు. పసుపు, కాఫీ పొడి అద్దేవాళ్ళతో నేను గొడవ పడేది అందుకే.

బల్బు ముందు పుర్రె

మా ల్యాబులో ఒక పాత పుర్రె ఉంది, పైభాగం టోపీలా కోసి విడదీసినది. ప్రతి ఏడూ కొత్త బ్యాచి వచ్చినప్పుడు లైట్లు ఆర్పి, ఆ పుర్రె లోపల చిన్న బల్బు పెట్టి చూపిస్తాను. నడినెత్తి నల్లగానే ఉంటుంది. పెడతల నల్లగానే ఉంటుంది. కణతల దగ్గర మాత్రం ఎముక ఎర్రగా వెలుగుతుంది, దీపానికి అడ్డం పెట్టిన అరచేతి వేళ్ళలాగా. ఎముక అక్కడ అంత పలచన. కణతలోనే ఒక చోట నాలుగు ఎముకలు కలుస్తాయి. ఆ కలిసే చోటుని ప్టెరియన్ అంటారు. లైటు వేసి లోపలి వైపు వేలితో తడిమితే ఎండిన చెట్టుకొమ్మలా చీలుకుంటూ పోయే గాడి తగుల్తుంది. మెదడు పైపొరలకి రక్తం తీసుకెళ్ళే మధ్య మెనింజియల్ ధమని బతికున్నన్నాళ్ళూ కొట్టుకుంటూ ఎముకలో చేసుకున్న గాడి అది. పలచని ఎముక పగిలితే దాని అంచు ఆ ధమనిని కోసేస్తుంది.

అప్పుడు చుక్క రక్తం బయటికి రాదు. రక్తమంతా ఎముకకీ, మెదడుని కప్పి ఉండే డ్యూరా అనే గట్టి పొరకీ మధ్య చేరుతుంది. డ్యూరా ఎముకకి అతుక్కుని ఉంటుంది కాబట్టి దాన్ని ఊడదీసుకుంటూ పోవాలి, అందుకు టైము పడుతుంది. ఈ లోపల మనిషి లేస్తాడు, మాట్లాడతాడు, "ఏం కాలేదు" అంటాడు. పుర్రె మూసేసిన పెట్టె, లోపల జాగా అటూ ఇటూగా 1400 మిల్లీలీటర్లు. రక్తం చేరేకొద్దీ మొదట లోపలి నీరు వెన్ను వైపు సర్దుకుంటుంది, సిరల్లోని రక్తం బయటికి పోతుంది. ఆ సర్దుబాటు అయిపోయాక ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. స్కాట్లండ్ వైద్యులు మన్రో 1783లో, కెల్లీ 1824లో చెప్పింది ఈ మూసిన పెట్టె లెక్కే. 2009 మార్చిలో బ్రిటిష్ నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలోని మోంట్ ట్రెంబ్లాంట్‌లో స్కీయింగ్ నేర్చుకుంటూ పడ్డారు. పైకి దెబ్బ కనబడలేదు. బాగానే ఉన్నానని వైద్య సాయం వద్దన్నారు. తర్వాత తలనొప్పి మొదలైంది. రెండు రోజుల్లో చనిపోయారు, 45 ఏళ్ళకే. పోస్టుమార్టంలో బయటపడింది ఈ రకం రక్తస్రావమే.

మనవాళ్ళకి కణత సంగతి తెలియక కాదు. "కణత మీద కొట్టకురా, ఆయువుపట్టు" అని తిట్టని తల్లి ఉంటుందా? సుశ్రుతుడు 107 మర్మాలు లెక్కపెట్టి, కణతల దగ్గరున్న శంఖ మర్మాలని వెంటనే ప్రాణం తీసేవాటిలో చేర్చాడు. ఆ తెలివి భాషలో ఉండనే ఉంది. అదే నోటితో "రక్తం రాలేదు కదా" అని కూడా అంటాం, రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవని గమనించం.

నాన్నకి జరిగింది ఇంకో రకం. వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోతుంది. మెదడు నుంచి డ్యూరాకి వంతెనల్లా వెళ్ళే సన్నటి సిరలు సాగి బిగుసుకుంటాయి. చిన్న కుదుపుకే ఒకటి తెగొచ్చు. ధమని కాదు, సిర, కాబట్టి నెమ్మదిగా ఊరుతుంది. కుంచించుకున్న మెదడు పక్కన ఖాళీ ఉంది కాబట్టి వారాల తరబడి ఏమీ తెలియదు. రక్తం పలచబడే మాత్రలు ఉంటే ఊరడం ఇంకా సులువు. తర్వాత ఒక రోజు చెప్పు జారుతుంది.

అమ్మ చెప్పిన బొప్పి లెక్కకి వస్తే, బొప్పి ఎముకకి ఇవతల, మెదడు ఎముకకి అవతల. ఇవతల వాచినంత మాత్రాన అవతల వాపు తగ్గదు. కానీ లోపలి ఒత్తిడి బయటి నుంచి చదవడం మన పెద్దవాళ్ళకి నిజంగానే వచ్చిన చోటు ఒకటుంది, పసిపిల్లల మాడు. విరేచనాలైన పిల్లని ఎత్తుకోగానే మా అమ్మమ్మ చెయ్యి ముందు మాడు మీదికే పోయేది. "మాడు లోతుకు పోయింది, ఒంట్లో నీళ్ళు లేవు" అనేది. మాడు ఉబ్బి బిగుసుకుంటే హడలిపోయేది. రెండూ సరైన లెక్కలే. ఏడాదిన్నర వయసుకి అటూ ఇటూగా ఆ కిటికీ మూసుకుపోతుంది. ఆ తర్వాత జీవితమంతా తల లోపలి సంగతి మనిషి నడవడి ద్వారానే తెలియాలి, మాట, చూపు, నడక, నిద్ర. అమ్మమ్మ మాడుని చూసినంత శ్రద్ధగా వాటిని చూడమంటున్నాను.

సర్జన్ స్నేహితుడి అభ్యంతరం

ఇదంతా మా కాలేజీకి క్లాసులు చెప్పడానికి వచ్చే సర్జన్ ఒకాయనతో అంటే ఆయన ఒప్పుకోలేదు. "మీరిలా చెప్తే రేపు ప్రతి బొప్పికీ స్కాన్ తీయమని వచ్చి కూర్చుంటారు. పిల్లలకి ఆ రేడియేషన్ ఊరికే పెడతామా? మండలంలో స్కాన్ సెంటరే లేనివాడు అప్పు చేసి టౌనుకి పరిగెత్తాలా?" అన్నారు. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఆయన చెప్పింది నిజం. తల తగిలించుకునే పిల్లల్లో ఎక్కువమందికి ఏమీ కాదు. నా మాటల వల్ల ఒక తల్లి వారం రోజులు నిద్ర మానేస్తే అది నా తప్పే.

చాలా రోజులు ఆలోచించాక నాకు తోచింది ఇది. నేను స్కాన్లు పెంచమనడం లేదు. ప్రశ్న మార్చమంటున్నాను. స్కాన్ ఎవరికి అవసరమో తేల్చడానికి కెనడా వైద్యులు 2001లో ఒక పద్ధతి ప్రకటించారు. అందులో చూసేవి ఏమిటంటే, మనిషి రెండు గంటలకైనా పూర్తి తెలివిలోకి వచ్చాడా, రెండుసార్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ వాంతి అయిందా, 65 ఏళ్ళు నిండాయా, పుర్రె పగిలిన గుర్తులున్నాయా, దెబ్బకి ముందు జరిగింది మర్చిపోయాడా, ఎంత ఎత్తు నుంచి పడ్డాడు. రక్తం ఎంత కారిందన్నది ఆ జాబితాలో లేదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళని ఆ పద్ధతిలో కలపనే లేదు, వాళ్ళ విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ముక్కనుమ నాడు నేను జుట్టులో రక్తం వెతికే బదులు నాన్న వయసు, మాత్రలు గుర్తు తెచ్చుకుని ఉంటే అదే రోజు డాక్టరుకి చూపించేవాళ్ళం. ఆ రోజు స్కాన్‌లో ఏమీ కనబడకపోయినా, డాక్టరు "నెలా రెండు నెలలు గమనించండి" అని ఉండేవారు. ఒంటి చెప్పు చూసి మరుపనుకునేవాళ్ళం కాదు.

ఇంకో అభ్యంతరం నాకు నేనే వేసుకున్నాను. పెద్దవాళ్ళు రక్తం గురించి కాక ఇంకేం అడుగుతారు? బతికున్న మనిషి పుర్రె లోపల ఏముందో సీటీ స్కాన్‌తో మొదటిసారి చూసింది లండన్‌లో, 1971 అక్టోబర్ 1న. అంతకు ముందు తరాలన్నిటికీ కంటికి ఆనింది రక్తమే. వాళ్ళని నేను తప్పు పట్టను. రక్తం కూడా తక్కువదేం కాదు, నెత్తి గాయంతో రోడ్డు మీద గంటలు పడి ఉన్నవాడికీ, పసిపిల్లకీ ఆ రక్తమే ప్రాణం మీదికి తెస్తుంది. కానీ ఇవాళ మనకి ఇంకో సాధనం ఉన్నాక కూడా ఆ పాత ప్రశ్న దగ్గరే ఆగిపోవడం నాకు బాధ.

"నిద్రపోనివ్వకూడదు" అనే మాట ఎక్కడికెళ్ళినా అడుగుతారు. నిద్ర మెదడుకి చేసే హాని లేదు. నిద్రలో ఉన్నవాణ్ణి చూసి మగతో, మామూలు నిద్రో మనకి తెలియదు, చిక్కు అదీ. మొదటి రాత్రి మధ్యమధ్యలో లేపి పేరడిగి, సరిగా జవాబు చెప్తే మళ్ళీ పడుకోనివ్వండి. ఇక తాగి పడ్డవాడి సంగతి తల్చుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. వాడి మత్తంతా మందుదే అనుకుని తెల్లారేదాకా అరుగు మీద వదిలేస్తారు. ముక్కులోంచో చెవిలోంచో పలచని నీళ్ళు కారితే జలుబనుకుంటారు. కంటికి దెబ్బ తగలకుండా రెండు కళ్ళూ ఒకేసారి నల్లబడితే దిష్టి తీస్తారు. ఈ రెండూ పుర్రె అడుగు పగిలిన గుర్తులు కావచ్చు. ఆగకుండా 108కి ఫోన్ చెయ్యాల్సిన గుర్తులు.

కణతని బల్బు ముందు చూసినప్పటి నుంచి, టోపీలా నెత్తి మీద మాత్రమే కూర్చునే సగం హెల్మెట్లు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గట్టి ఎముకని కప్పి, వెలుగు దూరే ఎముకని గాలికి వదిలేస్తాయి.

నాన్నకి పుర్రెకి కుడివైపు రెండు రంధ్రాలు చేసి ఆ పాత రక్తాన్ని తీసేశారు. ఇంజన్ ఆయిల్ రంగులో ఉందని డాక్టరు గారు చెప్పారు. నాలుగో రోజు ఎడమ కాలికి చెప్పు నిలిచింది. ఇప్పుడు పేపరు చదువుతున్నారు, ఎడిటోరియల్ నాకు ఫోన్లో వినిపిస్తున్నారు కూడా. రంధ్రాల చోట వేలికి తగిలే రెండు చిన్న గుంటలు మిగిలాయి. ఆదివారం పూట అమ్మ ఆయన తలకి నూనె రాస్తుంది. వేళ్ళు అక్కడికి వచ్చేసరికి నెమ్మదిస్తాయి, మనవడు పసివాడిగా ఉన్నప్పుడు వాడి మాడు మీద ఆముదం పెట్టినట్టే. "అక్కడేం కాదు, గట్టిగా రాయవే" అంటారు నాన్న. అమ్మ వినదు.